అప్‌డేట్: దసరా సెలవుల్లో శ్రీకాకుళం చుట్టుపక్కల తిరిగొచ్చాం

దసరా సెలవులకి పిల్లల్నీ అమ్మానాన్నల్నీ శ్రీకాకుళం దగ్గర ఎక్కడికి తీసుకెళ్లొచ్చని అడిగాను కదా. మీరు చెప్పినట్టే శాలిహుండం, కళింగపట్నం కలిపి చూసొచ్చాం.

ఎండ ముదరకముందే శాలిహుండం కొండెక్కాం. పైన బౌద్ధ స్తూపాల ఇటుకల పక్కన నిలబడితే కింద వంశధార నిండుగా పారుతోంది. నాన్న అక్కణ్నుంచి ఓ పట్టాన కదల్లేదు. సాయంత్రం కళింగపట్నం. నది సముద్రంలో కలిసే చోట ఎర్రమట్టి నీళ్లు, నీలం నీళ్లు పక్కపక్కనే కనిపించాయి! అలల జోరు చూసి పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దింపలేదు, మీరూ దింపకండి.

పక్షుల విడిది తేలినీలాపురం కూడా వెళ్లాం. చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగిస్తారు. అమ్మకి చూడాలని ఎన్నాళ్ల కోరికో. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఎక్కడ నిలబడ్డారో కాస్త చెప్పండి.