4294967297కి ఆధారం 2 పరీక్ష సరిపోతుందా?

శేషం_ఒకటి: 2^32 + 1 అంటే 4294967297. సంయుక్త సంఖ్యే. కానీ ఆధారంగా ఎంచుకున్న సంఖ్యని వరసగా వర్గం చేస్తూ శేషాలు చూసే మిల్లర్-రాబిన్ పరీక్షని ఆధారం 2తో పెడితే ‘ప్రధానం కావచ్చు’ అంటోంది. ఎందుకు?

భాగహారి: ఒకటి తీసేస్తే 2^32 మిగులుతుంది, అందులో బేసి భాగం 1. అంటే 2తోనే మొదలు: 4, 16, 256, 65536, 4294967296. ఐదో వర్గం మన సంఖ్యకి ఒకటి తక్కువ, అంటే శేషం −1 వచ్చేసింది, పరీక్ష గట్టెక్కింది. 2^(2^n) + 1 రూపంలో ఉండే ఫెర్మా సంఖ్యల్లో n = 5 నుంచి పైవాటన్నిటికీ ఇదే జరుగుతుంది. వీటికి ఆధారం 2 దండగ.

కోడ్_గురి: నా ప్రోగ్రాం ఆధారం 2తోనే సంయుక్తమని చెప్పింది. మీ లెక్క తప్పు.

భాగహారి: మీరు −1 దగ్గర ఆపకుండా 32 సార్లూ వర్గం చేస్తున్నట్టున్నారు. ఆరో వర్గం 2^64. 64-బిట్‌లో అది పట్టక 0 అవుతుంది, రావలసింది 1. గుణకారం 128-బిట్‌లో చేయండి.

కోడ్_గురి: జవాబు సరిగ్గానే వచ్చిందిగా?

భాగహారి: అదే కోడ్‌ని 32-బిట్‌లో 65537 మీద నడపండి. 65536 వర్గం 0 అయిపోయి, అసలైన ప్రధాన సంఖ్యని కూడా సంయుక్తమంటుంది. పోయిన చర్చలోనూ నేను రాసింది చదవకుండానే ‘తప్పు’ అన్నారు.

పాతలెక్క: పరీక్షల గొడవెందుకు? 641 × 6700417. ఆయిలర్ 1732లోనే తేల్చేశాడు. 641 = 5·2^7 + 1 కనుక 641తో భాగిస్తే 5·2^7 శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5^4·2^28 శేషం 1. 641 = 5^4 + 2^4 కూడా కాబట్టి 5^4 బదులు −2^4 పెట్టండి, 2^32 శేషం −1. అయిపోయింది.

భాగహారి: 641 దొరికింది కాబట్టి సరే. ఫెర్మా సంఖ్యలకే పనికొచ్చే పెపాన్ పరీక్షలో 3ని వరసగా వర్గం చేస్తాం, చివరి శేషం −1 అయితేనే ప్రధానం. ఇక్కడ 31 వర్గాల తర్వాత శేషం 10324303. −1 కాలేదు, కనుక సంయుక్తం. కారణాంకం అక్కర్లేదు.

పాతలెక్క: ఆ 31 మెట్లలో ఒక్క అంకె జారినా శేషం −1 కాదు, ప్రధాన సంఖ్యకి కూడా ‘సంయుక్తం’ అనే వస్తుంది! 641ని ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు. పైగా వెతకాల్సిన పనీ లేదు. కారణాంకాలు 128k + 1 రూపంలోనే ఉండాలి. అందులో మొదటి ప్రధానం 257, అది కూడా ఫెర్మా సంఖ్యే, రెండు ఫెర్మా సంఖ్యలకి ఉమ్మడి కారణాంకం ఉండదు కనుక దీన్ని భాగించదు. తర్వాతది 641.

భాగహారి: మీరు అడుగుతున్నది రుజువు కాదు, సరిచూసుకునే వీలు. ఆ మాట ముందే అనాల్సింది! 2^(2^24) + 1 సంయుక్తమని 1999లో తేల్చారు, ఒక్క కారణాంకమూ తెలియదు. వేర్వేరు యంత్రాల మీద నడిపి శేషాలు సరిపోల్చారు. అది రుజువు కాదంటారా?

పాతలెక్క: రుజువే. కానీ యంత్రాన్ని నమ్మాలి. 641కి ఆ నమ్మకం అక్కర్లేదు.

శేషం_ఒకటి: మరి 6700417 ప్రధానమని ఎలా?

పాతలెక్క: వర్గమూలం 2588 పైచిలుకు. దీని కారణాంకాలు 4294967297కీ కారణాంకాలే. అంతలోపు 128k + 1 రూపంలో 257 పోగా మిగిలే ప్రధానాలు 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 44, 120, 334, 622. నాలుగే భాగహారాలు, చేసి చూడండి.