అప్‌డేట్: తమ్ముడి రక్షణ పోయినట్టేనా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. బాప్తిస్మం తీసుకున్న మా తమ్ముడు రెండేళ్లుగా చర్చికి రావడం లేదు, వాడి రక్షణ (అంటే యేసును నమ్మినవాళ్లకు దొరికే పాపవిముక్తి, నిత్యజీవం) పోయినట్టేనా అని. జవాబిచ్చిన అందరికీ వందనాలు. సగం మంది బైబిల్లో యోహాను 10:28 చూపించారు, నావాళ్లను ఎవరూ నా చేతిలోంచి లాక్కోలేరని యేసు చెప్పిన మాట. మిగతా సగం హెబ్రీ 6:4-6, తప్పిపోయినవాళ్లను మళ్లీ మార్చడం అసాధ్యం అనే హెచ్చరిక. నా టెన్షన్ రెట్టింపైంది!

తర్వాత మా పాస్టర్ గారిని కలిశాను. ఇది ఇప్పటి గొడవ కాదట. నెదర్లాండ్స్‌లో 1618-19లో డోర్ట్ అనే ఊళ్లో చర్చి పెద్దల సభ పెట్టి మరీ తేల్చారు, దేవుడు ఎన్నుకున్నవాళ్లు చివరిదాకా నిలుస్తారని. బాప్టిస్టుల్లో చాలామందిది ఇలాంటి మాటే. మెథడిస్టులకు ఆద్యుడైన జాన్ వెస్లీ మాత్రం విశ్వాసి తప్పిపోయే ప్రమాదం ఉందనే బోధించాడు. అమ్మ వాళ్ల పెంతెకొస్తు సంఘంలో నేను వింటూ పెరిగింది కూడా అదే. నా భయం అక్కడిదే.

నాకు మనసుకి తగిలింది వేరే. హెబ్రీ 6లో అంత గట్టిగా హెచ్చరించాక, 9వ వచనంలో ఆ పత్రిక రాసినాయనే 'ప్రియులారా' అని పిలిచి ధైర్యం చెప్తాడు. ఇన్నాళ్లూ అక్కడిదాకా చదవనే లేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. వచనాలేవీ ఎత్తలేదు. క్రిస్మస్‌కి ఇంటికి వస్తానన్నాడు. చర్చి సంగతి నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.