కాలువ పని మూడుసార్లు వాయిదా: కౌన్సిల్ మినిట్స్‌లో (సమావేశం రికార్డులో) ఎవరు అడ్డుపడ్డారో ఉంటుందా?

నేనుండేది విశాఖ మధురవాడలో. అమ్మ మాత్రం ఇక్కడికి రెండు గంటల దూరంలో, ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంటుంది. ఆ వీధి కాలువ పని కౌన్సిల్ అజెండాలోకి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వాయిదా. చైర్‌పర్సన్ వర్గం ఒకటి, వైస్ చైర్మన్ వర్గం ఇంకొకటి. ఇద్దరిదీ ఒకే పార్టీ, అదీ విడ్డూరం! మొన్నటి వానకి నీళ్లు అరుగెక్కితే, అమ్మ గుమ్మానికి ఇసుక బస్తా అడ్డం పెట్టి పడుకుంది.

మా కౌన్సిలర్‌ని అడిగితే “నేను పెట్టించాను బాబూ, అవతలివాళ్లు పడనివ్వట్లేదు” అంటాడు. అవతలాయన “అసలు చర్చకే రాలేదే” అంటాడు.

జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థ) అయితే 98 వార్డులు, గొడవైతే మర్నాడు పేపర్లో వస్తుంది. 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం పెట్టినప్పుడు టీ కొట్టు దగ్గర కూడా ఓట్ల లెక్కలే. చిన్న ఊళ్లో ఎవరు ఎటు చేయెత్తారో బయటికే రాదు.

సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి కదా. ఆ మినిట్స్‌లో వ్యతిరేకించినవాళ్ల పేర్లు రాస్తారా, ‘వాయిదా’ అని ఒక్క ముక్కతో సరిపెడతారా? ముందు కమిషనర్‌ని కలవాలా, నేరుగా విశాఖలోని మున్సిపల్ శాఖ రీజనల్ డైరెక్టర్ ఆఫీసుకి వెళ్లాలా? ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది, అర్జీ ఆవిడే పెట్టాలా? ఇలా తిరిగినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.