జూన్ 2: గాలరాగా పర్ఫెక్ట్ గేమ్‌ని ఇప్పుడైనా రికార్డుకెక్కించాలా?

నోవీ శీను
జూన్ 2 వస్తే బేస్‌బాల్ పిచ్చోళ్లకి పండగే. బేబ్ రూత్ ఆట మానేస్తున్నానని చెప్పింది 1935లో ఈ రోజునే. లూ గెరిగ్ వరుసగా 2,130 ఆటలాడిన పరంపర మొదలైంది 1925లో ఈ రోజునే, ఆయన పోయింది కూడా 1941లో ఈ రోజునే. కెన్ గ్రిఫీ జూనియర్ రిటైర్ అయింది 2010 జూన్ 2న.

నాకు మాత్రం జూన్ 2 అంటే ఆ 2010 సాయంత్రమే. మా డెట్రాయిట్, కొమెరికా పార్క్ స్టేడియం. మా పిచర్ (బంతి విసిరేవాడు) ఆర్మాండో గాలరాగా క్లీవ్‌లాండ్ వాళ్లు 26 మందిని వరసగా అవుట్ చేశాడు. ఇంకొక్కడు పోతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఆట మొత్తంలో ఒక్కడూ బేస్ ఎక్కలేదన్నమాట. అప్పటికి నూట ముప్పై ఏళ్లలో అలాంటివి 20 మాత్రమే. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ నేలబారుగా కొట్టాడు. మా ఫీల్డర్ మిగెల్ కబ్రేరా కుడిపక్కకి వెళ్లి అందుకుని విసిరాడు, గాలరాగా పరుగెత్తుకొచ్చి బేస్ మీద కాలు పెట్టి పట్టుకున్నాడు. డొనాల్డ్ ఇంకా అడుగు దూరంలో ఉన్నాడు. అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాపి సేఫ్, అంటే నాటౌట్ అన్నాడు. గాలరాగా నవ్వాడు, అంతే. వెనక్కెళ్లి 28వ వాణ్ని అవుట్ చేసి ఆట ముగించాడు. 3-0.

రీప్లే చూసుకున్న జాయిస్, ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్ పాడుచేశానని తనే ఒప్పుకున్నాడు. బేస్‌బాల్ కమిషనర్ బడ్ సెలిగ్ మాత్రం మార్చనన్నాడు. ఎందుకు మార్చకూడదు?

పాత స్కోర్‌బుక్
చిన్న సవరణ. గెరిగ్ పరంపర మొదలైంది జూన్ 1న, పించ్ హిట్టర్‌గా, అంటే మధ్యలో ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి దిగి. వాలీ పిప్ స్థానంలో మొదటినుంచీ ఆడింది జూన్ 2న.

లెగ్‌బై
2008 సిడ్నీ క్రికెట్ టెస్టులో ఆస్ట్రేలియా సైమండ్స్ మన మీద 30 దగ్గరే అవుట్. అంపైర్ బక్నర్ ఇవ్వలేదు, 162 కొట్టాడు. ముందు అది మార్చండి, తర్వాత డెట్రాయిట్ సంగతి చూద్దాం.

ఆదివారం అంపైర్
శీను గారూ, మారిస్తే ఆ 28వ బ్యాటర్ ట్రెవర్ క్రోని ఏం చేస్తారు? అతను నిజంగా బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు, నిజంగా అవుటయ్యాడు. దాన్ని తుడిచేస్తారా? అంపైర్ సేఫ్ అన్నాక సేఫే. ఆ రోజు జరిగింది అది.

నోవీ శీను
క్రో గురించి క్రోకే బెంగ లేదు, మీకెందుకండీ! పైగా బేస్‌బాల్‌లో మార్చలేదా? 1983 జూలై 24న జార్జ్ బ్రెట్ బ్యాటుకి పట్టుకోసం పూసిన తారు జిగురు 18 అంగుళాల హద్దు దాటిందని అతని హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) రద్దు చేశారు. లీగ్ ప్రెసిడెంట్ లీ మెక్‌ఫెయిల్ అంపైర్ల నిర్ణయాన్ని తిరగేశాడు. ఆగస్టులో అక్కడినుంచే మళ్లీ ఆడించారు.

ఆదివారం అంపైర్
మీరే చెప్పారుగా, మళ్లీ ఆడించారు. అక్కడ మిగిలిన ఆట ఉంది. ఇక్కడ ఏం ఆడిస్తారు?

నోవీ శీను
ఏమీ మిగల్లేదు కాబట్టే ఇంకా సులువు! గెలుపోటములు మారవు. ఒక్క గీత మార్చాలి.

సుధ_ఫ్రీమాంట్
2024లో నీగ్రో లీగ్‌ల (ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడినవి) లెక్కలు కలిపారు. జాష్ గిబ్సన్ .372తో కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ని దాటాడు. రికార్డుల పుస్తకం మారదనేది ఉత్త మాట.

ఆదివారం అంపైర్
అది వేరండీ. ఆడినవాళ్లని లెక్కలోకే తీసుకోలేదు, తర్వాత తీసుకున్నారు. అంపైర్ నిర్ణయం జోలికి ఎవరూ పోలేదు. 2014 నుంచి అవుటా సేఫా అన్నదానికి రీప్లే వచ్చింది, అది చాలు.

పాత స్కోర్‌బుక్
జూన్ 1 అని ఇంకా సరిచేయలేదు.

నోవీ శీను
చాలా? ఎవరికి చాలు? తర్వాత వచ్చేవాళ్లకి. మీ అంపైర్లంతా ఒకటే. తప్పు చేస్తారు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు, జనం చప్పట్లు కొడతారు. నష్టపోయినవాడు పక్కన నిలబడి నవ్వాలి.

ఆదివారం అంపైర్
మాటలు జాగ్రత్త. డాలస్ ఎండలో ఆరు గంటలు నిలబడి అంపైరింగ్ చేసేవాణ్ని, పైసా తీసుకోను. పోయినేడు ఒక రనౌట్ తప్పుగా ఇచ్చాను. వీడియో చూసి ఇద్దరు కెప్టెన్ల దగ్గరికీ వెళ్లి నాదే తప్పన్నాను. ఇప్పటికీ టాస్ వేస్తుంటే ఎవడో ఒకడు ఆ వీడియో వాట్సాప్‌లో పెడతాడు. ఒప్పుకోకుండా ఉంటే పెట్టేవారా? డెట్రాయిట్‌లో ఆ ఆట మర్నాడు, లైనప్ కార్డు (ఆడేవాళ్ల పేర్ల జాబితా) గాలరాగానే తెచ్చి జాయిస్ చేతికిచ్చాడు. జాయిస్ ఏడ్చాడు. అక్కడితో వాళ్లిద్దరికీ తీరిపోయింది. మీకే తీరలేదు.

నోవీ శీను
అవును, తీరలేదు. చెప్తా వినండి. మా నాన్న టీచరు. సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టిన సంవత్సరం అసలుకంటే రెండేళ్లు ముందుది రాశారు. చూసుకునేసరికి ఆలస్యమైంది, మార్చడం కుదరదన్నారు. రాసిన గుమస్తా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "తప్పు నాదే మాస్టారూ" అన్నాడు. నాన్న "పోనీలే" అని కాఫీ ఇప్పించాడు. మా నాన్న ఎంత మంచివాడో అని ఊరంతా చెప్పుకుంది. రెండేళ్ల జీతం మాత్రం పోయింది, పెన్షన్ ఆ తేదీ ప్రకారమే వచ్చింది. ఆ కార్డు ఇచ్చే వీడియో చూసి అందరూ కరిగిపోతారు. నాకు ఆ కాఫీ గ్లాసే కనిపిస్తుంది.

సుధ_ఫ్రీమాంట్
అయ్యో.

ఆదివారం అంపైర్
ఈ సంగతి మొదటే చెప్పాల్సింది శీను గారూ. నాన్నగారి తేదీ మార్చాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆట వేరు. ఆ తప్పు పుస్తకంలో ఉండబట్టే జాయిస్ నిజాయితీ కూడా నిలిచింది.

నోవీ శీను
అంటే జాయిస్ మంచివాడని తెలియడానికి గాలరాగా లెక్క తప్పుగానే ఉండాలి?

లెగ్‌బై
అంపైర్ గారూ, దీనికి మీ దగ్గర సమాధానం లేదు. రివ్యూ కూడా అయిపోయింది.

పాత స్కోర్‌బుక్
నాన్నగారి సంగతికి బాధగా ఉందండీ. కానీ గెరిగ్ జూన్ 1. పై పోస్టులో మార్చండి.

నోవీ శీను
తప్పు నాదేనండీ. కానీ ఇక్కడ గంట దాటితే పోస్టు ఎడిట్ అవ్వదు.

ఆదివారం అంపైర్
నేనేమీ అనడం లేదు.