బ్రిటిష్ కాలంలో జైలు వార్డర్లకు రూల్స్ ఎలా ఉండేవి?

ప్రశ్న: మేముండేది హైదరాబాద్, చంచల్‌గూడ దగ్గర. మా ముత్తాత రాజమండ్రి సెంట్రల్ జైల్లో వార్డర్‌గా చేశారట, మానేస్తానన్నా వెంటనే వదల్లేదని ఇంట్లో చెప్తారు. అలా కూడా ఉండేదా?

జవాబు: ఉండేదండి. 1894 ప్రిజన్స్ యాక్ట్, 54వ సెక్షన్ చూడండి. పర్మిషన్ లేకుండా గానీ, రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా గానీ డ్యూటీ వదిలేస్తే నేరమే. కావాలని సెలవు దాటేసినా, చాటుగా ఇంకో పని చేసుకున్నా, పిరికితనం చూపించినా అంతే, 200 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాపలా కాసినవాడే ఊచలు లెక్కపెట్టాలన్నమాట!

ఇంకో జవాబు: డబ్బు దగ్గర ఇంకా గట్టిగా ఉండేవాళ్లు. ఖైదీకి ఏదీ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అప్పు సొప్పు లావాదేవీలు అసలే కూడదు. జైలుకి సరుకులిచ్చే కాంట్రాక్టులో వాటా కూడా ఉండకూడదు. నిషేధించిన వస్తువు లోపలికి చేరేస్తే ఆరు నెలల దాకా శిక్ష. తమాషా ఏంటంటే, ఖైదీల్లోంచే కొందరిని జైలు ఉద్యోగులుగా పెట్టుకునేవాళ్లు, చట్టం ప్రకారం వాళ్లూ పబ్లిక్ సర్వెంట్లే.

మరొకరు: చంచల్‌గూడ జైలుకి ఇది కలపకండి అన్నా, అప్పుడు ఇక్కడ నిజాం రాజ్యం, బ్రిటిష్ ఇండియా చట్టం నేరుగా చెల్లదు. రాజమండ్రి మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి మీ ముత్తాతకి వర్తించింది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఆ నోటీసు సంగతి మా నాన్నకి చెప్పాలి.