గోడ గూట్లో ఆడియో ర్యాక్‌కి లైటు: ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి?

కోటజంక్షన్ (విజయనగరం):

మెట్ల కింద గోడలో ఆడియో ర్యాక్ కోసం గూడు తీయించాం. వెడల్పు 600 మి.మీ., ఎత్తు 900, లోతు 600. లోపల 16యూ (యూ అంటే ర్యాక్ ఎత్తు కొలత) ఓపెన్ ర్యాక్. వెనకాల మెట్ల కింద అర ఉంది, వైర్లు అటు నుంచి అందుతాయి. పెట్టేవి: ఏవీ రిసీవరు (టీవీ, పాటల శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టె), రెండు ఛానళ్ల పవర్ యాంపు, బ్లూరే ప్లేయరు, నెట్‌వర్క్ స్విచ్, అడుగున యూపీఎస్. ముందు టేకు ఫ్రేము ఉంది, దాని అంచు గూటి లోపలికి చుట్టూ 20 మి.మీ. వస్తుంది. లోపలి గోడలు పుట్టీ వరకే అయ్యాయి, రంగు వెయ్యలేదు. టీవీ ఇదే గోడకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

గూటి పైన మధ్యలో 7 వాట్ల స్పాట్‌లైట్ ఒకటి చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్. రంగులు మారే ఎల్ఈడీ పట్టీ చుట్టూ తిప్పేద్దామంటున్నాడు ఇంటీరియర్ ఆయన. నాకు రెండూ నచ్చలేదు. పట్టీయే అయితే ఎక్కడ అంటించాలి, 12 వోల్టులా 24 వోల్టులా, ఏ రంగు తెలుపు? ఇంకోటి, రిసీవర్ వెనక 12 వోల్టుల ట్రిగ్గర్ అని ఒక జాక్ ఉంది. పట్టీని అందులోనే గుచ్చేస్తే రిసీవర్‌తో పాటే వెలుగుతుందా?

నాగావళిగట్టు (శ్రీకాకుళం):

స్పాట్‌లైట్ వద్దండి. గూటి నెత్తిన దీపం పెడితే అన్నిటికంటే పైనున్న పెట్టె మూత ఒక్కటే వెలుగుతుంది, కిందవన్నీ దాని నీడలోకి పోతాయి. పైగా రిసీవర్ వేడి పైకి లేచి సరిగ్గా ఆ దీపానికే తగులుతుంది.

ఏ పట్టీ అన్నది తరవాత. వెలుగు దేని మీద పడాలో ముందు తేల్చుకోండి. యాంపుల ముఖాలు నల్లగా, నున్నగా అద్దంలా ఉంటాయి. ఎదురుగా పట్టీ ఉంటే పట్టీయే అందులో కనిపిస్తుంది తప్ప యాంపు కనిపించదు. వెలుగు పక్క నుంచి రాసుకుంటూ పోవాలి. అప్పుడు నున్నటి ముఖం మీద పడిన వెలుగు అవతలి పక్కకి జారిపోతుంది, కూర్చున్నవాళ్ల కంట్లోకి రాదు. వాల్యూమ్ నాబ్ అంచు మీద సన్నటి మెరుపు, దాని పక్కన చిన్న నీడ, అంతే కనపడతాయి. అందం అక్కడే ఉంది.

మీ ఫ్రేముకి 20 మి.మీ. అంచు ఉండడం కలిసొచ్చింది. ఆ అంచు వెనక ముఖానికి అల్యూమినియం ప్రొఫైల్ (17 వెడల్పు, 7 లేక 8 మందం రకం, పాలరంగు మూతతో) స్క్రూలతో బిగించి, వెలుగు గూటి లోపలికి తిప్పండి. ముందు నుంచి పట్టీ అసలు కనపడదు. ర్యాక్ ప్యానెల్ వెడల్పు 482.6 మి.మీ. కాబట్టి ఒక్కో పక్క 58 దాకా ఖాళీ మిగులుతుంది, ర్యాక్ చట్రం మందం తీసేస్తే ఓ 40. వెలుగు వెళ్లడానికి ఆ సందు చాలు. కానీ ర్యాక్‌ని ఫ్రేము అంచు నుంచి కనీసం 70 మి.మీ. వెనక్కి జరపాలి. అంచుకి ఆనించి పెట్టేస్తే వెలుగంతా పెట్టెల పక్కల మీదే పడి ముఖాలు చీకటిగా ఉండిపోతాయి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, తరవాత పట్టీ డల్‌గా ఉందని ఇంకా పెద్దది కొంటారు. జరిపే ముందు వెనక పక్క కొలుచుకోండి: రిసీవర్ లోతు మీద ప్లగ్గులకీ వైర్ల మలుపుకీ ఇంకో 75 మి.మీ. కావాలి.

రెండు పక్కలా, పైనా వెయ్యండి. 900, 900, 600 కలిపి 2.4 మీటర్లు. అడుగున వద్దు. దుమ్మంతా వచ్చి ఆ మూత మీదే కూర్చుంటుంది. కింద నుంచి వచ్చే వెలుగులో ర్యాక్ కూడా దెయ్యం సినిమాలో గడ్డం కింద టార్చి పెట్టుకున్న మొహంలా ఉంటుంది.

లోపలి రంగు ఇంకా వెయ్యలేదు కాబట్టి చెప్తున్నాను, నల్ల మ్యాట్ కొట్టించకండి. నలుపు వెలుగుని మింగేస్తుంది, పట్టీ వేసినా వెయ్యనట్టే. గ్లాసీ సన్‌మైకా అసలే వద్దు, పట్టీ ప్రతిబింబం గోడ పొడుగునా గీతలా కనిపిస్తుంది. ముదురు బూడిద రంగు మ్యాట్ గానీ, మెరుపు లేని చెక్క వెనీర్ గానీ సరిగ్గా కుదురుతుంది.

తెలుపు 3000 కెల్విన్ (పసుపు కలిసిన తెలుపు), సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన. టేకు ఎర్రదనం అందులోనే బాగుంటుంది. 6500 టీవీ వెనక వేసే పట్టీకి సరి. తెర మీది తెలుపుకి ప్రమాణం అదే కాబట్టి కంటికి తేడా తెలియదు. గూటికి అది ఆపరేషన్ థియేటర్‌లా ఉంటుంది. రంగులు మారే పట్టీ పెళ్లి పందిరికి బాగుంటుంది, ఇక్కడెందుకు?

సోల్డర్‌మావయ్య (బొబ్బిలి):

పైన గట్టు గారు చెప్పినదానికి కరెంటు లెక్క కలుపుతున్నాను.

చుక్కలు కనపడని సీఓబీ (ఎల్ఈడీలు దగ్గరదగ్గరగా పొదిగిన) పట్టీ తీసుకోండి. మీటరుకి 5 వాట్లది చాలు. షాపులో 10 వాట్లది, ఇంకా ఎక్కువది కూడా అంటగడతారు, వద్దు. 2.4 మీటర్లకి 12 వాట్లు అవుతుంది. వాటుకి 80 ల్యూమెన్లు వేసుకున్నా వెయ్యికి దగ్గర, అంటే ఒక 9 వాట్ల బల్బుకి తక్కువ కాదు. రాత్రి పూట దాన్ని పదిహేను ఇరవై శాతానికి తగ్గించే వాడతారు.

వోల్టుల సంగతి. 12 వాట్లకి 24 వోల్టుల మీద అర ఆంపియర్, 12 వోల్టుల మీద ఒక ఆంపియర్. స్విచ్ బోర్డు దగ్గర నుంచి 5 మీటర్ల దూరం 0.75 స్క్వేర్ (చదరపు మి.మీ.) రాగి వైరు లాగారనుకోండి, రానూ పోనూ 10 మీటర్లకి రెసిస్టెన్సు 0.23 ఓములు. 24లో 0.12 వోల్టు పోతుంది, 12లో 0.23. నిజం చెప్పాలంటే ఇంత చిన్న పొడవుకి ఏదైనా పనికొస్తుంది. నేను 24 అంటున్నది ఎందుకంటే రేపు ఇదే డ్రైవర్ (230 వోల్టులని పట్టీకి కావలసిన వోల్టులకి మార్చే పెట్టె) మీద పక్క అరకి కూడా పట్టీ లాగుతారు. ఇంకోటి, 12 వోల్టులది కొంటే దాన్ని ఆ ట్రిగ్గర్ జాక్‌లో గుచ్చాలనే కోరిక పుడుతుంది!

డ్రైవర్ 24 వోల్టులు, 1 ఆంపియర్. సగం లోడు మీద చల్లగా పనిచేస్తుంది. దాన్ని ర్యాక్ పైన, రిసీవర్ వేడి తగిలే చోట పెట్టొద్దు. డ్రైవర్ చావడమంటే లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోవడమే, పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. మెట్ల కింద అరలో, గాలి ఆడే చోట, నేలకి ఒక అడుగు ఎత్తున గోడకి బిగించండి. ఆర్‌సీఏ వైర్లకి (ఆడియో సిగ్నల్ మోసేవి) ఓ అడుగు ఎడం ఉండాలి. పట్టీ వైరు వాటిని దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే కట్టలా కట్టొద్దు.

డిమ్మరు డ్రైవర్‌కీ పట్టీకీ మధ్యలో, అంటే 24 వోల్టుల వైపు పెట్టాలి. పీడబ్ల్యూఎం (వెలుగుని వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గించే) డిమ్మర్ అని అడగండి. మన దగ్గర మామూలుగా జరిగేదేమిటంటే గోడ మీద ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి 230 వోల్టుల వైపు తగ్గిస్తారు. మామూలు డ్రైవర్ దానికి తయారు చేసింది కాదు: సగానికి తిప్పేసరికి మిణుకుతుంది, జుయ్‌మంటుంది, కొన్నాళ్లకి పోతుంది. పట్టీ డూప్లికేటని షాపువాడితో గొడవ, తప్పు వైరింగుది. డిమ్మర్ కొనేముందు వెలుగు బాగా తగ్గించి ఫోను కెమెరాలో చూడండి. అడ్డ చారలు కదులుతూ కనపడితే దాని పీడబ్ల్యూఎం వేగం తక్కువ. కళ్లకి తెలియకపోయినా వీడియో తీస్తే బయటపడుతుంది.

మూలల దగ్గర పట్టీని పక్కకి వంచకండి, రాగి పొర లోపల చిట్లుతుంది. కోత గీత మీద కోసి, 5 సెంటీమీటర్ల వైరు ముక్కలతో కలిపి సోల్డర్ చెయ్యండి. గీత మీద కాకుండా కోస్తే ఆ ముక్క వెలగదు. క్లిప్ కనెక్టర్లు ఆ రోజుకి బాగానే ఉంటాయి గానీ వేడెక్కి చల్లారి పట్టు వదిలేస్తాయి.

కోటజంక్షన్:

మావయ్య గారూ, దండం. అయితే ట్రిగ్గర్ పూర్తిగా వదిలెయ్యాలా? పాటలు పెట్టినప్పుడు దానంతట అదే వెలగాలి, సినిమా అప్పుడు వద్దు. డ్రైవర్‌కి ఇన్వర్టర్ లైను ఇవ్వొచ్చా?

సోల్డర్‌మావయ్య:

వదలక్కర్లేదు బాబూ, నేరుగా వాడకూడదు, అంతే. ట్రిగ్గర్ ఉన్నది వేరే పెట్టెలకి ఆన్ అవ్వమని సైగ చెయ్యడానికే. దాన్నుంచి సాధారణంగా 150 మిల్లీ ఆంపియర్లకి మించి లాగకూడదు, మీ రిసీవర్ పుస్తకంలో అంకె రాసి ఉంటుంది చూడండి. ఇదే పొడవు పట్టీ 12 వోల్టులది అయితే 1 ఆంపియర్ అడుగుతుంది, ఆరేడు రెట్లు ఎక్కువ. సంగతి బాగుంటే రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి పోతుంది (తనంతట తనే ఆగిపోతుంది), లేకపోతే లోపలి ట్రాన్సిస్టర్ పోతుంది.

12 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న రిలే (కాయిల్‌కి కరెంటు అందితే కలిసే స్విచ్) ఒకటి తెచ్చుకోండి. కాయిల్ 400 ఓములది అయితే 30 మిల్లీ ఆంపియర్లే లాగుతుంది. 3.5 మి.మీ. మోనో జాక్, కొన ప్లస్, ఒళ్లు మైనస్, కాయిల్‌కి ఆ రెండు వైర్లు. కాయిల్ కాళ్ల మీద 1ఎన్4007 డయోడ్ పెట్టడం మర్చిపోవద్దు. డయోడ్ మీద వెండి గీత ఉన్న కొన ప్లస్ వైపు రావాలి. తిప్పి పెడితే ట్రిగ్గర్‌ని షార్ట్ చేసినట్టే. అసలు పెట్టకపోతే, రిలే ఆగిన ప్రతిసారీ కాయిల్ ఎదురు వోల్టేజీ కొట్టి రిసీవర్ మీద పడుతుంది. పట్టీకి వెళ్లే ప్లస్ వైరుని రిలే కామన్, ఎన్ఓ (నార్మల్లీ ఓపెన్, రిలే ఆగి ఉన్నప్పుడు తెగి ఉండేది) కాళ్ల మధ్య నుంచి పంపండి.

పాటలకి మాత్రమే వెలగడం మీ రిసీవర్ సెటప్ మెనూ మీద ఆధారపడి ఉంటుంది. చాలా మోడళ్లలో ట్రిగ్గర్ ఏ ఇన్‌పుట్‌కి పనిచెయ్యాలో ఎంచుకోవచ్చు. నెట్‌వర్క్, ట్యూనర్ ఉంచి బ్లూరే, టీవీ తీసెయ్యండి.

ఇన్వర్టర్ లైను ఇవ్వొచ్చు. కానీ ఫేజు ఇన్వర్టర్‌ది తీసుకుని న్యూట్రల్ పక్కన దొరికింది కదా అని మెయిన్‌ది కలిపేస్తారు. రెండు న్యూట్రళ్లు కలిస్తే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉంటే అదీ పడిపోతుంది. ఆ డ్రైవర్‌కి రెండూ ఒకే లైన్‌వి రావాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కరెంటు పోయినప్పుడు స్పీకర్లలో గుయ్ మనే అవకాశం ఉంది, అప్పుడు డ్రైవర్‌ని మామూలు లైన్ మీదే ఉంచెయ్యండి.

ఉప్పుగాలి (కళింగపట్నం):

ఒకటి వదిలేశారు. మన పక్క తడిగాలి. రాగి ప్యాడ్లు నల్లబడి, పచ్చ పట్టి, పట్టీ ఒక మూల నుంచి డల్ అవుతూ వస్తుంది. అందుకని సిలికాన్ పూత ఉన్న ఐపీ65 (ఐపీ అంటే దుమ్ము, నీళ్లని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) పట్టీ తెస్తే ఇంకో తిప్పలు: పూత వల్ల వెలుగు కాస్త తెల్లబడుతుంది, 3000 అని కొన్నది 3000లా ఉండదు. ప్రొఫైల్ మూత ఉంది కాబట్టి లోపలికి పూత లేని ఐపీ20 చాలు, జాగ్రత్త పడాల్సింది సోల్డర్ అతుకుల దగ్గరే. సోల్డర్ చేశాక ఫ్లక్స్ (సోల్డర్ పట్టడానికి వాడే జిగట) మరకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పైన న్యూట్రల్ క్యూర్ సిలికాన్ బొట్టు పెట్టండి. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే వెనిగర్ వాసన సిలికాన్ పెట్టారో, ఆ యాసిడే రాగిని తినేస్తుంది.

పట్టీ వెనక జిగురు పుట్టీ మీద నిలవదు, సున్నం పొడితో సహా ఊడి వస్తుంది. మీరు ప్రొఫైల్‌లోనే పెడుతున్నారు కాబట్టి సరే, కానీ ప్రొఫైల్ లోపలి గాడిని కూడా అదే ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త ప్రొఫైల్ మీద నూనె జిడ్డు ఉంటుంది.

నాగావళిగట్టు:

రిమోట్ కన్ను ఎక్కడ పెడుతున్నారు? ర్యాక్ 70 మి.మీ. వెనక్కి పోయింది కదా, పక్క నుంచి రిమోట్ నొక్కితే ఫ్రేము అడ్డొస్తుంది. ఐఆర్ రిపీటర్ (రిమోట్ సైగని పట్టుకుని లోపలి పెట్టెలకి చేరవేసేది) పెట్టేటట్టయితే దాని కన్ను ఫ్రేము ముందు ముఖానికే ఉండాలి, లోపల పట్టీ ఎదుట కాదు. టేకుకి 10 మి.మీ. బెజ్జం వార్నిష్ వెయ్యకముందే పెట్టించెయ్యండి.

కోటజంక్షన్:

వార్నిష్ వాడు ఎల్లుండి వస్తాడు. బెజ్జం రేపే.