బేస్‌మెంట్ గోడ పక్కనే వాహనాల దారి: ఎంత భారం లెక్కలోకి తీసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. నేను డిజైన్ చేస్తున్న ఒక ఇంటికి 2.7 మీటర్ల లోతున బేస్‌మెంట్ వస్తోంది. గోడ 200 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ గోడ. దానికి ఒక మీటరు దూరంలోనే కారు దారి ఉంది. రోజూ తిరిగేది కారే అయినా, ఎప్పుడైనా సామాన్ల లారీ కూడా రావచ్చు. మట్టి ఒత్తిడి వరకు లెక్క కట్టగలిగాను గాని, చక్రాల భారంలో ఎంత గోడ మీదికి వస్తుందో తేల్చుకోలేకపోతున్నాను. గోడను కాంటిలీవర్‌గా, అంటే అడుగున మాత్రమే బిగించి పైన ఆధారం లేనిదిగా తీసుకుంటే సురక్షితమేనా అన్నది రెండో సందేహం.

సమాధానం 1

చక్రాల భారాన్ని ముందుగా నేల మీద సమంగా పరచిన సర్‌చార్జ్‌గా (అదనపు భారంగా) మార్చుకోండి. కార్లు మాత్రమే తిరిగే చోట చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు, లారీ వచ్చే చోట 10 నుంచి 12 తీసుకోవడం వాడుకలో ఉంది, దాదాపు 0.6 మీటర్ల ఎత్తు మట్టి అదనంగా పోసినట్లు భావిస్తే వచ్చే విలువ కూడా ఇదే. ఇక ఆ భారంలో ఎంత వంతు గోడ మీదికి అడ్డంగా వస్తుందో చెప్పే గుణకం విషయంలో చాలామంది పొరబడతారు. పైన స్లాబ్ పట్టి ఉంచిన గోడ కదలదు కనుక, ఘర్షణ కోణం 30 డిగ్రీలున్న మట్టికి యాక్టివ్ గుణకం (గోడ కాస్త జరిగినప్పటిది) 0.33 కాక, నిశ్చల స్థితి గుణకం 0.5 వాడాలి. అప్పుడు 10 కిలోన్యూటన్ల సర్‌చార్జ్ గోడ ఎత్తు పొడవునా 5 కిలోన్యూటన్ల ఒత్తిడిగా నిలుస్తుంది. గోడ అడుగు నుంచి 45 డిగ్రీల వాలులో గీసిన గీత నేలను తాకే చోటుకు అవతలే వాహనం ఉంటే ఈ భారాన్ని సాధారణంగా వదిలేయవచ్చు. మీ దారి ఆ గీతకు ఇవతలే ఉంది.

సమాధానం 2

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. రెండో సందేహమే నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తోంది. మట్టి బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు అనుకుంటే, పైనా కిందా ఆధారం ఉన్న గోడలో గరిష్ఠ మొమెంట్ (గోడను వంచే ప్రభావం) మీటరు పొడవుకు సుమారు 16 కిలోన్యూటన్-మీటర్లు. అదే గోడ కాంటిలీవర్‌గా నిలిస్తే అడుగున 48 వస్తుంది. అంతకన్నా పెద్ద తేడా కడ్డీల స్థానంలో ఉంది. మొదటి సందర్భంలో సాగుడు గోడ లోపలి ముఖంలో, రెండో సందర్భంలో మట్టి వైపు ముఖంలో వస్తుంది. కాబట్టి లోపలి ముఖంలోనే కడ్డీలు వేసిన గోడకు, స్లాబ్ పోయకముందే వెనక మట్టి నింపి రోలర్ తిప్పితే, ఆ గోడ తాను సిద్ధంగా లేని పని చేయవలసి వస్తుంది.

పైన స్లాబ్ మోయవలసిన అడ్డు బలాన్ని కూడా చూడండి. మట్టి వల్ల మీటరుకు 11 కిలోన్యూటన్లు వస్తే, సర్‌చార్జ్ వల్ల దాదాపు 7 అదనంగా వస్తుంది. అంటే వాహన భారం గోడ మధ్య భాగం కన్నా పై జాయింట్‌నే ఎక్కువ పరీక్షిస్తుంది, కనుక గోడను స్లాబ్‌తో కలిపే డోవెల్ కడ్డీలను ఈ మొత్తానికి లెక్కకట్టాలి. ఈ లెక్కల్లో నీటి ఒత్తిడిని కలపలేదు. గోడ వెనక కంకర పొర, అడుగున చిల్లుల పైపు తప్పక ఉండాలి.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. దారి వైపు గోడను ఆనుకునే మెట్లు వస్తున్నాయి. అక్కడ 3 మీటర్ల మేర స్లాబ్ ఉండదు. దీన్ని ముందే చెప్పి ఉండవలసింది.

సమాధానం 2

అయితే ఆ 3 మీటర్లలో గోడ పై అంచుకు ఆధారమే లేదు. నేను పరిశీలించిన ఒక ఇంట్లో సరిగ్గా ఇలాంటి చోటే మెట్ల పక్క గోడ పై అంచు లోపలికి ఒరిగి, సున్నం పూతపై ఏటవాలు బీటలు రెండు వైపుల స్లాబ్ మూలల నుంచి దిగాయి. వీలైతే మెట్లను మరో గోడ వైపు మార్చండి. వీలుకాకపోతే గోడ పై అంచులోనే అడ్డంగా పనిచేసే బీమ్ ఇవ్వండి: మీటరుకు 18 కిలోన్యూటన్ల చొప్పున దానికి దాదాపు 20 కిలోన్యూటన్-మీటర్ల మొమెంట్ వస్తుంది. దాని కడ్డీలు ఖాళీ దాటి రెండు వైపులా స్లాబ్‌లోకి తగినంత పొడవు వెళ్లేలా డ్రాయింగ్‌లో స్పష్టంగా చూపండి.